గడువు దాటితే... గడప దాటలేరు!

* వీసా మీరి నివసించిన వారి దాంపత్యాలకు అమెరికా చట్టం అడ్డుగోడ
* తెలియక స్వదేశానికి వస్తే మూడేళ్లు లేదా పదేళ్ల ఎడబాటు
* ఓడ సిబ్బందికి మరింత కఠిన నిబంధన
* దాచిపెడితే మొదటికే మోసం

విశాఖపట్నం: పెళ్లిచూపుల్లో అడిగే ప్రశ్నలకు లెక్కలేదు. అబ్బాయి జీతమెంత, సొంతిల్లు కొన్నాడా, గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుంది, అమ్మాయి అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చా... గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం, ఎంవీపీ కాలనీ ఎక్కడ చూసినా విదేశీ సంబంధం కుదురుతోందంటే ఇవే మాటలు. అడగని ప్రశ్న ఒక్కటే మిగిలిపోతుంది. ‘ఇద్దరిలో ఎవరైనా గతంలో విదేశంలో అనుమతించిన గడువు దాటి ఉన్నారా?’ అన్నదే ఆ ప్రశ్న. అడిగితే సంబంధం చెడిపోతుందని ఒకరు, చెబితే పరువు పోతుందని మరొకరు మౌనం వహిస్తారు. పెళ్లయ్యాక జీవిత భాగస్వామి వీసాకు దరఖాస్తు చేసే వేళ ఆ ప్రశ్న ముద్రిత రూపంలో ఎదురవుతుంది. అప్పుడు తప్పించుకోవడానికి దారి ఉండదు.

ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖ నుంచి విదేశాలకు వెళ్లేవారు ప్రధానంగా మూడు రకాలు. ఉన్నత చదువులకు వెళ్లే విద్యార్థులు, వాణిజ్య నౌకల్లో పనిచేసే సిబ్బంది, పిల్లల వద్దకు సందర్శకులుగా వెళ్లే తల్లిదండ్రులు. ఈ మూడు వర్గాలకు గడువు లెక్కించే పద్ధతి వేర్వేరు. శిక్షలూ వేర్వేరు. ఈ తేడా తెలియకపోవడమే అనేక కుటుంబాలను చిక్కుల్లోకి నెడుతోంది.

వీసా తేదీ వేరు... నివాస గడువు వేరు

పాస్‌పోర్టులో అంటించిన వీసా మీద ఉన్న తేదీనే నివాస గడువుగా చాలామంది భావిస్తారు. అది పొరపాటు. వీసా అనేది ఆ దేశం గుమ్మం వరకు వెళ్లి లోనికి అనుమతి కోరేందుకు ఇచ్చిన పత్రం మాత్రమే. లోపల ఎంతకాలం ఉండవచ్చో నిర్ణయించేది విమానాశ్రయంలో గానీ, ఓడరేవులో గానీ వలస అధికారి నమోదు చేసే ఐ-94 పత్రం. పదేళ్ల సందర్శక వీసా చేతిలో ఉన్నా సాధారణంగా ఒక్కో రాకకు ఇచ్చే గడువు ఆరు నెలలే. కుమార్తె పురుటికి వెళ్లిన తల్లి ‘వీసా ఇంకా ఎనిమిదేళ్లు ఉంది కదా’ అని ఆరు నెలలు దాటి ఉండిపోతే ఆనాటి నుంచే ఆమె లెక్క తప్పినట్లు. ఒక్క రోజు మీరినా ఆ వీసా చట్టరీత్యా రద్దయిపోతుంది. మళ్లీ వెళ్లాలంటే స్వదేశంలోని కాన్సులేట్‌లోనే కొత్త వీసాకు దరఖాస్తు చేసుకోవాలి.

ఒకప్పుడు ఐ-94 తెల్లకార్డు రూపంలో పాస్‌పోర్టుకు పిన్ను కొట్టి ఉండేది. తేదీ కళ్లెదుట కనిపించేది. విమాన ప్రయాణికులకు 2013 నుంచి అది కంప్యూటర్ నమోదుగా మారింది. ప్రయాణికుడు తానుగా వెబ్‌సైటులో చూసుకుంటే తప్ప గడువు తెలియదు.

1996 నాటి చట్టం ఏమంటోంది

అమెరికాలో ప్రస్తుత నిషేధాలకు మూలం 1996 సెప్టెంబరులో అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకం చేసిన వలస సంస్కరణల చట్టం. ఇందులోని అనధికార నివాస నిబంధనలు 1997 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. దాని సారాంశం ఇది. గడువు ముగిశాక 180 రోజులకు మించి, ఏడాదికి లోపు ఉండి స్వచ్ఛందంగా దేశం విడిచి వెళ్లినవారు మూడేళ్లపాటు తిరిగి రాకూడదు. ఏడాది, అంతకు మించి ఉండి వెళ్లినవారు పదేళ్లపాటు రాకూడదు. ఏడాదికి మించి అనధికారంగా ఉండి వెళ్లి, తిరిగి సరిహద్దు దొంగచాటుగా దాటి ప్రవేశించిన వారికి శాశ్వత నిషేధం వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండని కాలాన్ని మూడేళ్లు, పదేళ్ల నిషేధాల లెక్కలో కలపరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గాజువాక యువకుడొకరు సందర్శక వీసాపై వెళ్లి, గడువు తీరాక ఏడు నెలలు ఉండి 2022 మార్చిలో తిరిగి వచ్చారనుకుంటే ఆయనకు మూడేళ్ల నిషేధం. అది 2025 మార్చితో తీరిపోయింది. ఇప్పుడు పెళ్లి చేసుకుని భార్య ద్వారా వీసా కోరితే పాత నివాసాన్ని దరఖాస్తులో చెప్పాల్సిందే గాని, ఆ కారణంగా చట్టం ఆయనను అడ్డుకోదు. అదే యువకుడు 14 నెలలు ఉండి వచ్చి ఉంటే 2032 మార్చి వరకు తలుపు మూసే ఉంటుంది. పెళ్లయినా, బిడ్డ పుట్టినా, భార్య అమెరికా పౌరురాలైనా సరే. ప్రత్యేక మినహాయింపు లభిస్తేనే ఈలోగా వెళ్లగలరు. కొద్ది నెలల తేడా ఒక కుటుంబం జీవితంలో ఏడేళ్ల తేడాగా మారుతుందన్నమాట.

బయలుదేరితేనే శిక్ష

ఈ చట్టంలో సామాన్యులకు అంతుపట్టని అంశం మరొకటుంది. గడువు మీరి అక్కడే ఉన్నంతకాలం మూడేళ్ల, పదేళ్ల నిషేధాలు అమలు కావు. విమానం ఎక్కి దేశం విడిచిన క్షణం నుంచే అవి మొదలవుతాయి. తండ్రి అంత్యక్రియలకో, చెల్లెలి పెళ్లికో ఊరికి వచ్చిన వ్యక్తి, అక్కడ భార్యాబిడ్డలను వదిలి వచ్చినవాడు, తిరుగు ప్రయాణానికి వీసా కోసం వెళ్లినప్పుడు మాత్రమే తనపై పదేళ్ల తలుపు పడిందని తెలుసుకుంటాడు. వచ్చింది పదిహేను రోజుల సెలవుకు. ఎడబాటు పదేళ్లు.

అక్రమంగా ఉన్నవారు వెళ్లిపోవాలన్నది ఈ చట్టం ఉద్దేశం. ఆచరణలో జరిగింది వేరు. వెళితే తిరిగి రాలేమన్న భయంతో కదలకుండా అక్కడే ఉండిపోయేవారు పెరిగారు. కన్నవారి చివరిచూపుకు కూడా రాని కొడుకును ఊళ్లో కఠినాత్ముడంటారు. అతడు రాలేకపోవడానికి అసలు కారణం చాలా ఇళ్లలో ఇరుగుపొరుగుకు చెప్పుకోలేని రహస్యంగా ఉండిపోతుంది.

అమెరికా పౌరురాలిని లేదా పౌరుడిని వివాహమాడిన వారికి మాత్రం చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. తనిఖీ అనంతరం సక్రమంగా ప్రవేశించి, ఆ తర్వాత గడువు మీరిన వ్యక్తి దేశం విడవకుండా అక్కడే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. దేశం దాటలేదు గనుక నిషేధం తలెత్తదు. అయితే భాగస్వామికి పౌరసత్వం కాకుండా గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే ఈ వెసులుబాటు గడువు మీరిన వారికి సాధారణంగా వర్తించదు. పౌరసత్వానికి, గ్రీన్‌కార్డుకు మధ్య గల ఈ తేడాను పెళ్లి సంబంధాలు చూసే పెద్దలు పట్టించుకోవడం లేదు.

ఓడ దిగినవారికి ఆ దారీ లేదు

రేవు పట్టణమైన విశాఖకు ప్రత్యేకించి తెలియవలసిన విషయం ఇది. వాణిజ్య నౌకల సిబ్బందికి అమెరికా రేవుల్లో దిగేందుకు ఇచ్చే అనుమతి గరిష్ఠంగా 29 రోజులు. ఓడ కదిలే వేళకు తిరిగి ఎక్కకుండా అక్కడే ఉండిపోయిన నావికుడు తర్వాత అమెరికా పౌరురాలిని వివాహమాడినా, పైన చెప్పిన వెసులుబాటు ఆయనకు దక్కదు. ఓడ సిబ్బందిగా ప్రవేశించిన వారు అక్కడే ఉండి నివాస హోదా మార్చుకునేందుకు వీల్లేదని చట్టం స్పష్టంగా పేర్కొంది. ఆయన స్వదేశానికి వచ్చి కాన్సులేట్ ద్వారానే వీసా పొందాలి. గడువు మీరిన కాలాన్ని బట్టి వచ్చిన మరుక్షణం మూడేళ్ల లేదా పదేళ్ల నిషేధం మొదలవుతుంది. ఒకే రోజున విమానంలో విద్యార్థిగా దిగిన తమ్ముడికి, ఓడ నుంచి దిగిన అన్నకు చట్టం ముందు ఇంత వ్యత్యాసం ఉంది.

విద్యార్థుల లెక్క వేరు

ఎఫ్-1 వీసాపై వెళ్లే విద్యార్థులకు ఐ-94లో నిర్ణీత తేదీ వేయరు. చదువు సాగినంతకాలం ఉండవచ్చన్న అర్థంలో అనుమతి ఇస్తూ వచ్చారు. అందువల్ల కళాశాల మానేసినా, అనుమతి లేని పని చేసినా హోదా పోతుంది గాని, అనధికార నివాసపు రోజుల లెక్క వెంటనే మొదలుకాదు. వలస విభాగం గానీ, వలస న్యాయమూర్తి గానీ ఉల్లంఘన జరిగిందని తేల్చిన తర్వాతే మొదలవుతుంది. దీన్ని మార్చి ఉల్లంఘన జరిగిన మర్నాటి నుంచే లెక్కించాలని 2018 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ఆదేశాలు తెచ్చింది. ఫెడరల్ న్యాయస్థానం 2019లో వాటిని తాత్కాలికంగా నిలిపివేసి, 2020 ఫిబ్రవరిలో కొట్టివేసింది. విద్యార్థులకు కూడా నిర్ణీత తేదీ ఇవ్వాలని 2025 ఆగస్టులో మరో ప్రతిపాదన వెలువడింది. ఈ పద్ధతి కింద ప్రవేశించే వారికి సందర్శకుల మాదిరిగానే తేదీ దాటిన మర్నాటి నుంచి రోజులు లెక్కకు వస్తాయి.

తెలుగు విద్యార్థులకు ఈ వ్యవహారం కొత్తది కాదు. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై 2011 జనవరిలో అధికారులు దాడులు చేసినప్పుడు అందులో నమోదైన వారిలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ పెద్దసంఖ్యలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వారే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించడం అప్పట్లో తీవ్ర నిరసనకు దారితీసింది. మిషిగన్‌లో అధికారులే వలపన్ని నడిపిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం ఉదంతం 2019 జనవరిలో బయటపడింది. సుమారు 130 మంది విద్యార్థులను అదుపులోకి తీసుకోగా, దాదాపు అందరూ భారతీయులే. తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఆ రెండు సందర్భాల్లోనూ స్వదేశానికి తిరిగొచ్చినవారు తర్వాత పెళ్లిళ్లు చేసుకుని, భాగస్వామి వీసాకు దరఖాస్తు చేస్తే నాటి హోదా రద్దు, నాటి రికార్డు ముందుకొస్తాయి. ఎవరు ఏ తేదీన ఎలా దేశం విడిచారన్నదే అప్పుడు కీలకం.

ముంబయి మెట్లెక్కాక

విశాఖవాసులు సందర్శక, విద్యార్థి వీసాలకు సాధారణంగా హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌కు వెళతారు. పౌరుల భార్య లేదా భర్త హోదాలో శాశ్వతంగా వెళ్లే వలస వీసాలకు మాత్రం ముంబయికి వెళ్లాలి. ముందుగా అక్కడున్న భాగస్వామి ఐ-130 దరఖాస్తు దాఖలు చేస్తారు. అది ఆమోదం పొందాక రుసుములు, ఆదాయ హామీ పత్రం, వివాహ ధ్రువీకరణ, పోలీసు నిరపేక్ష పత్రం, వైద్య పరీక్ష వరుసగా పూర్తిచేయాలి. చివరిగా ముంబయిలో ముఖాముఖి. గతంలో గడువు మీరి ఉన్నారా అన్న ప్రశ్న దరఖాస్తులోనే ఉంటుంది. అధికారి మళ్లీ అడుగుతారు.

నిషేధం వర్తిస్తుందని తేలితే వీసా నిరాకరిస్తారు. కథ అంతటితో ముగియదు. ఐ-601 దరఖాస్తు ద్వారా మినహాయింపు కోరవచ్చు. ఇందుకు చట్టం పెట్టిన షరతు ఒక్కటే, అదే కఠినం. దరఖాస్తుదారు రాకపోతే అమెరికా పౌరులు లేదా గ్రీన్‌కార్డుదారులైన భార్య, భర్త, తల్లి, తండ్రిలో ఒకరికి ‘తీవ్రమైన కష్టం’ కలుగుతుందని నిరూపించాలి. గాజువాకలో ఎదురుచూసే భర్త కష్టం ఇక్కడ లెక్కకు రాదు. అక్కడున్న భార్య కష్టమే కొలమానం. పిల్లల ఇబ్బందిని కూడా నేరుగా కాకుండా, అది తల్లిపై పడే భారంగానే చూస్తారు.

విడిగా ఉన్నందువల్ల కలిగే బాధ, ఒంటరితనం, రెండు ఇళ్ల ఖర్చు సహజమైనవని, అవి మాత్రమే చాలవని అధికారుల వైఖరి. భాగస్వామి దీర్ఘకాలిక అనారోగ్యం, ఆమెపై ఆధారపడిన వృద్ధులు, ప్రత్యేక అవసరాలున్న బిడ్డ, ఇక్కడికి వచ్చి స్థిరపడితే వైద్యమో ఉపాధో దెబ్బతినే పరిస్థితి వంటివి కలిపి చూపాలి. సాధారణంగా రెండు వైపులా రుజువు చూపడం మేలు. విడిగా ఉంటే ఏమవుతుందో చెప్పాలి. ఆమె భారతదేశానికి వచ్చేస్తే ఏమవుతుందో కూడా చెబితే మంచిది. ఆసుపత్రి రికార్డులు, బ్యాంకు లెక్కలు, వైద్యుల నివేదికలు లేకుండా కన్నీటి ఉత్తరాలు మాత్రమే జతచేసిన దరఖాస్తులు నిలబడడం కష్టం.

ఇంకా అక్కడే ఉన్నవారికి 2013 మార్చి నుంచి మరో మార్గం వచ్చింది. దేశం విడవక ముందే ఐ-601ఏ ద్వారా తాత్కాలిక మినహాయింపు కోరవచ్చు. మొదట పౌరుల సమీప బంధువులకే పరిమితమైన దీన్ని 2016 ఆగస్టులో విస్తరించారు. మినహాయింపు చేతికొచ్చాకే ముఖాముఖికి స్వదేశం రావచ్చు. ఓడ సిబ్బందికి కూడా ఇదే ఆశాకిరణం. కాకపోతే ఇటీవలి కాలంలో ఈ దరఖాస్తులు తేలడానికి ఏళ్లు పడుతోంది. అనధికార నివాసం తప్ప మరే ఇతర దోషం బయటపడినా ఈ మినహాయింపు చెల్లదు.

హెచ్-1బి ఉద్యోగిని పెళ్లాడి హెచ్-4 వీసాపై వెళ్లాలనుకునే వారికి పై మార్గాలు వర్తించవు. మూడేళ్ల, పదేళ్ల నిషేధం వారికీ ఉంటుంది. అయితే అది తాత్కాలిక వీసా గనుక కాన్సులేట్ అధికారి సిఫారసుతో వేరే తరహా మినహాయింపు ఇచ్చే అధికారం అక్కడి ప్రభుత్వానికి ఉంది. దీనికి తీవ్రమైన కష్టం రుజువు అక్కర్లేదు. ఇది తాత్కాలిక ఉపశమనమే. రేపు గ్రీన్‌కార్డు దశలో పదేళ్లు పూర్తికాకపోతే ఆ పాత ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది.

అబద్ధానికి ఆయుష్షు తక్కువ

‘కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే పాతది కనిపించదు’, ‘తక్కువ రోజులే ఉన్నామని రాయండి’ అంటూ సలహాలిచ్చే దళారులు ఊరూరా తయారయ్యారు. 2004 నుంచి వీసా దరఖాస్తుదారులు, ప్రయాణికుల వేలిముద్రలు అమెరికా సేకరిస్తోంది. పాస్‌పోర్టు మారినా వేలిముద్ర మారదు. విమాన సంస్థల రాకపోకల జాబితాలు కూడా అధికారుల వద్ద ఉంటాయి.

గడువు మీరడం నిర్ణీత కాలానికి శిక్ష. అబద్ధం చెప్పి వీసా పొందజూడటం జీవితకాల నిషేధం. దానికీ మినహాయింపు ఉన్నా, అదీ తీవ్రమైన కష్టం రుజువు చేస్తేనే. మూడేళ్లలో తీరిపోయే ఇబ్బందిని ఒక్క తప్పుడు సమాధానం జీవితాంతం మోసే బరువుగా మార్చగలదు. దరఖాస్తును దళారీ నింపినా సంతకం దరఖాస్తుదారుదే. బాధ్యతా ఆయనదే.

ఇతర దేశాల్లో...

బ్రిటన్‌లో భాగస్వామి వీసాకు 2012 జులై నుంచి కనీస ఆదాయ నిబంధన ఉంది. తొలుత ఏటా 18,600 పౌండ్లు కాగా, 2024 ఏప్రిల్ 11 నుంచి కొత్త దరఖాస్తుదారులకు 29,000 పౌండ్లకు పెంచారు. గతంలో గడువు మీరినవారి విషయంలో ఎన్నాళ్లు మీరారు, సొంత ఖర్చుతో వెళ్లారా లేక పంపించేశారా, మోసానికి పాల్పడ్డారా అన్నవి పరిశీలనకు వస్తాయి.

గల్ఫ్ దేశాల తీరు వేరు. అక్కడ రోజువారీ జరిమానాలు పేరుకుపోతాయి. అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తారు. కువైట్ 2018, 2024లలో, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2018, 2024లలో ఇలాంటి అవకాశం ఇచ్చాయి. ఎమిరేట్స్‌లో 2024 సెప్టెంబరు 1న మొదలైన గడువును డిసెంబరు 31 వరకు పొడిగించారు. జరిమానా లేకుండా, తిరిగి రాకుండా నిషేధం విధించకుండా స్వదేశానికి పంపారు. అప్పుడు వినియోగించుకున్నవారు తర్వాత భార్య లేదా భర్త వద్దకు సక్రమంగా వెళ్లే వీలు మిగుల్చుకున్నారు.

గడువు మీరిన వారంతా కావాలని మీరినవారు కాదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ విశాఖ యువకులను పర్యాటక వీసాలపై కంబోడియాకు పంపి సైబర్ నేరాల ముఠాలకు అప్పగించిన వైనాన్ని 2024 మేలో నగర పోలీసులు వెలుగులోకి తెచ్చారు. పాస్‌పోర్టు ఇతరుల చేతిలో ఉన్నవాడు గడువులోగా ఎలా వస్తాడు? అలాంటివారు ఫిర్యాదు ప్రతి, పోలీసు కేసు వివరాలు, రాయబార కార్యాలయం ఇచ్చిన ప్రయాణ పత్రాలు భద్రపరచుకోవడం అవసరం. భవిష్యత్తులో ఏ దేశపు వీసా అధికారి అడిగినా అవే సాక్ష్యం.

మన దేశం కూడా ఈ విషయంలో ఉదారంగా లేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టం ప్రకారం గడువు మీరి ఇక్కడ ఉన్న విదేశీయులకు మూడేళ్ల వరకు జైలు, మూడు లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. విశాఖ యువకుడిని పెళ్లాడి వచ్చిన విదేశీ కోడలు కూడా ఇందుకు అతీతం కాదు. వివాహం నమోదై రెండేళ్లు కొనసాగితేనే విదేశీ భారత పౌరసత్వ కార్డుకు అర్హత లభిస్తుంది. అంతవరకు వీసా గడువు చూసుకోవలసిందే.

ఏం చేయాలి?

మొదటిది, తేదీలు రాసుకోవడం. ఎప్పుడు ప్రవేశించారు, గడువు ఎప్పటితో ముగిసింది, ఎప్పుడు బయలుదేరారు అన్న మూడు తేదీలపైనే భవిష్యత్తు ఆధారపడి ఉంది. పాత పాస్‌పోర్టులు, టికెట్లు, బోర్డింగ్ పాసులు పారేయకూడదు. గుర్తులేని వారు తమ వలస రికార్డు ప్రతిని సమాచార స్వేచ్ఛ చట్టం కింద అమెరికా వలస విభాగాల నుంచే కోరవచ్చు.

రెండోది, వివాహ నమోదు. రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. పెళ్లి ఫొటోలు, శుభలేఖలు నమోదు పత్రానికి ప్రత్యామ్నాయం కావు.

మూడోది, దేశం దాటే ముందు సలహా. గడువు మీరి అక్కడున్నవారు ఎంతటి అవసరం వచ్చినా టికెట్ కొనక ముందే అక్కడి గుర్తింపు పొందిన వలస న్యాయవాదిని కలవాలి. కొన్న తర్వాత కలిస్తే చెప్పగలిగేది తక్కువ.

నాలుగోది, నోరు విప్పడం. అన్నిటికన్నా కష్టమైనది ఇదే. పెళ్లికి ముందే అమ్మాయికి, వారి పెద్దలకు నిజం చెబితే సంబంధం తప్పిపోవచ్చు. చెప్పకపోతే పెళ్లయిన అమ్మాయి పుట్టింట్లో పదేళ్లు ఉండిపోవచ్చు. ‘ఎప్పుడు వెళుతున్నావు?’ అని వీధిలో ప్రతివారూ అడిగే ప్రశ్నకు సమాధానం వెతుక్కోవలసింది ఆమే. గడువు మీరింది ఒకరు, కాలం గడపవలసింది మరొకరు అన్నది ఇందులోని అన్యాయం.

విదేశీ విద్య పేరిట రుణమేళాలు, ప్రవేశ మేళాలు ఏటా నగరంలో జరుగుతూనే ఉన్నాయి. అప్పు ఎలా తీసుకోవాలో చెబుతున్నారు, సీటు ఎలా తెచ్చుకోవాలో చెబుతున్నారు. ఐ-94 అంటే ఏమిటో, గడువు మీరితే ఏమవుతుందో ఒక్క గంట చెప్పేవారు కావాలి. కళాశాలలు, నావికా శిక్షణ సంస్థలు, ప్రవాసాంధ్రుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ తలచుకుంటే ఇది పెద్ద పని కాదు. బయలుదేరే రోజున పిల్లల చేతిలో ఆవకాయ జాడీతో పాటు ఆ ఒక్క తేదీ కూడా పెట్టి పంపితే, తిరిగి వచ్చే రోజున తలుపు తెరిచే ఉంటుంది.